మూడు పొట్టి కుట్లు, ఒక పొడుగు కుట్టు

జూన్ 4

గుండుసూదీ,

ఈ ఎండల్లో నీ తల మాడిపోతోందేమోనని దిగులు పడుతూ పెద్దమ్మ రాస్తున్న ఉత్తరం. గొడుగు వేసుకుంటున్నావా? నల్లది వద్దు, వేడి లాగుతుంది. తెల్లదైతే మాసిపోతుంది. ఏ రంగు మంచిదో ఆలోచించి మళ్లీ రాస్తాను.

ఇక్కడ సంగతేమిటంటే, మా వంటింటి గోడలో కీచురాళ్లు చేరాయి. ఆ గోడకు అవతల రొట్టెల బట్టీ ఉంది కదా, వెచ్చదనానికి వచ్చినట్టున్నాయి. పగలు కూడా ఊరుకోవు, పొద్దు వాలిందంటే ఇక చెప్పక్కర్లేదు. మూడు పొట్టి కుట్లు, ఒక పొడుగు కుట్టు, కాస్త ఆగడం. మళ్లీ మూడు పొట్టివి, ఒక పొడుగుది. నలభై ఏళ్లు మిషన్ తొక్కినదాన్ని, ఏ చప్పుడైనా నాకు కుట్టులాగే వినిపిస్తుంది. చప్పుడుకు కాదే నా బాధ. అవి చెవిలో దూరితే? చెవికీ మెదడుకీ మధ్య ఏముంది, జానెడు కూడా లేదు.

నేనేం ఊరుకోలేదు. మా బిల్డింగులో ఇరవైమూడు ఇళ్లూ ఎక్కి దిగి అర్జీ మీద సంతకాలు పెట్టించాను. మొదట ఎవరూ పట్టించుకోలేదు. "కీచురాయేగా పెద్దమ్మగారూ" అన్నారు. చెవి సంగతి చెప్పాక ఒక్కొక్కరే లేచి పెన్ను వెతుక్కున్నారు. గోడ అవతల బట్టీ నడిపే ఆయన కూడా పెట్టాడు. సెక్రటరీ ఈ నెల ఇరవై ఎనిమిదిన మందు కొట్టిస్తానన్నాడు. గోడ పగుళ్లలో గొట్టం దూర్చి కొడతారట.

నీకు రాయడం ఎందుకంటే, మీ ఆఫీసులో రోజూ పురుగుల్ని చంపి సూదులకు గుచ్చుతారని మీ అమ్మ చెప్పింది. మూడేళ్లుగా అదే పని చేస్తున్నావు కాబట్టి గట్టి మందేదో నీకే తెలియాలి. పేరు రాసి పంపు. వాసన లేనిదైతే మంచిది, నాకు తలనొప్పి వస్తుంది.

పొద్దున ఏదో ఒకటి తిని బయటికి వెళ్లు.

నీ పెద్దమ్మ

జూన్ 9

పెద్దమ్మా,

తల మాడలేదు. గొడుగు నల్లదే. మిగతావన్నీ తర్వాత చెప్తాను, ముందు ఆ మందు ఆపించు. నీ కాళ్లు పట్టుకుంటాను.

మాది పురుగుల్ని చంపే ఆఫీసు కాదే తల్లీ, గుర్తుపట్టే ఆఫీసు. ఏ పురుగు ఏ జాతిదో తేల్చి ఏ సొరుగులో ఉండాలో చెప్పడం మా పని. వేడి ప్రాంతాల కీచురాళ్లు నా వంతు. వాటిలో ఒక చిన్న రకం ఉంది. గోధుమరంగు ఒళ్లు, తల మీద అడ్డంగా లేత చార. నా సొరుగుల్లో అలాంటివి రెండువందల పన్నెండు ఉన్నాయి. అందరూ అవన్నీ ఒకే జాతి అంటారు. నేను రెండు జాతులంటాను. చూడ్డానికి తేడా లేదు గానీ, కొన్నింటి రెక్క అడుగున పళ్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి, కొన్నింటికి ఎడంగా ఉన్నాయి.

రెక్కకు పళ్లేమిటంటావు. కీచురాయి నోటితో అరవదు. ఒక రెక్క అడుగున రంపంలా సన్నటి పళ్ల వరస ఉంటుంది, రెండో రెక్క అంచుతో దాన్ని గీకుతుంది. మగవే పాడతాయి, ఆడవి వింటాయి. అడవిలో చెట్టు తొర్రల్లో ఉండే దగ్గరపళ్లవి ఆగకుండా ఒకటే ధారగా పాడతాయి. ఎడంపళ్లవి ఎలా పాడతాయో మా వాళ్లెవరూ వినలేదు. అన్నీ చచ్చాకే మా దగ్గరికొచ్చాయి. నువ్వు "కాస్త ఆగడం" అని రాసింది చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

మా మేడమ్‌ది ఒకటే మాట. "పాడిన మగపురుగు, దాని పాట, దాని రెక్క. మూడూ ఒకే పురుగువి తెచ్చి చూపించు. అంతదాకా రెండు జాతులన్న మాట ఎత్తకు." నా పరిశోధన గడువు ఆగస్టుతో సరి. ఈలోగా తేలకపోతే సొరుగులు మూసేసి నన్ను రికార్డుల గదికి పంపిస్తారు. మూడేళ్ల పని అలాగే మూతపడుతుంది.

ఒకదాన్ని పట్టి చార ఉందేమో చూడు. నిమిషానికి ఎన్నిసార్లు పాడుతుందో లెక్కపెట్టి రాయి. మాకున్న ఒక్క టేపు రికార్డరు అడవికి వెళ్లింది, ఇప్పట్లో రాదు. నీ చెవే నాకు దిక్కు.

అన్నట్టు, దాని చెవులు ముందుకాళ్లకు మోకాలి కింద ఉంటాయి. నీ చెవితో దానికేం పని లేదు.

గుండుసూది

జూన్ 14

తల్లీ,

నీ ఉత్తరం అందింది. నీ బతుకుతెరువు నా గోడలో ఉందని తెలియక నేనే ఇరవైమూడు గడపలు ఎక్కి దాని మీదికి మందు పిలిచాను. నాలాంటి పెద్దమ్మ పగవాళ్లకు కూడా వద్దు.

వెంటనే సెక్రటరీ దగ్గరికి వెళ్లాను. "ఆ అర్జీ చింపేయండి బాబూ" అన్నాను. "అలా కుదరదమ్మా. ఎవరెవరు కావాలన్నారో వాళ్లందరూ వద్దంటేనే. ఇరవైమూడు సంతకాలు మళ్లీ పట్రండి" అన్నాడు. అదే మెట్లు మళ్లీ ఎక్కుతున్నాను. మూడో అంతస్తు టీచరమ్మ తలుపు తీసి, "చెవిలో దూరుతుందని మీరే కదా చెప్పారు" అంది. "దాని చెవి మోకాలి కింద ఉందటమ్మా" అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "లోపలికొచ్చి కాసేపు కూర్చోండి, మంచినీళ్లు తెస్తాను" అంది. కూర్చుని నీ సంగతంతా చెప్పి సంతకం అడిగాను. పెట్టింది. ఇప్పటికి పదకొండు అయ్యాయి.

బొత్తాల డబ్బా బోర్లించి ఒకదాన్ని పట్టాను. చార ఉంది, నా కనుబొమ అంత సన్నగా. కానీ ఘోరం జరిగిపోయిందే. దాని వెనకవైపు సూది గుచ్చుకుని ఉంది. నేను సూదులు ఎక్కడపడితే అక్కడ పెట్టేదాన్ని కాదు, నీకు తెలుసు. అయినా ఎప్పుడో ఒకటి జారిపడి ఉంటుంది. లాగితే ప్రాణం పోతుందేమో, లాగకపోతే ఎంత నొప్పో. అందుకేనేమో పాపం కిక్కురుమనడం లేదు. పంచదార నీళ్లు పెట్టాను. ఏం చేయాలో వెంటనే రాయి.

గోడలోవాటి లెక్క ఇది. సోమవారం పొద్దున నిమిషానికి నలభైసార్లు. మంగళవారం మధ్యాహ్నం ఇరవై ఆరు. బుధవారం సాయంత్రం యాభై ఒకటి.

మెట్లెక్కి మోకాళ్లు పట్టేశాయి. నా చెవులు కూడా అక్కడే ఉంటే ఈపాటికి చెముడు వచ్చేది.

నీ పాపిష్టి పెద్దమ్మ

జూన్ 18

పెద్దమ్మా,

అది నీ సూది కాదు. అది ఆడది. తడిమట్టిలో గుచ్చి గుడ్లు పెట్టడానికి దానికి పుట్టుకతో వచ్చిన గొట్టం అది. నొప్పి లేదు. దాన్ని అలాగే ఉంచు, ఇంకో డబ్బాలో సూది లేనిదాన్ని పట్టి పెట్టు.

చార ఉందన్నావు కాబట్టి సగం పని అయినట్టే. మిగతా సగం దగ్గర చిక్కొచ్చింది. నీ లెక్కలు మేడమ్‌కు చూపించాను. నలభై, ఇరవై ఆరు, యాభై ఒకటి ఒకే పురుగువి ఎలా అవుతాయని అడిగారు. "ఆ గోడలో మూడు రకాలుండాలి, లేదా లెక్కపెట్టిన మనిషికి నిద్రన్నా వచ్చి ఉండాలి" అన్నారు. ఒక్కసారి స్థిమితంగా కూర్చుని మళ్లీ లెక్కపెడతావా? కోపం తెచ్చుకోకు.

గుండుసూది

జూన్ 21

శ్రీమతి గుండుసూదిగారికి,

నేను మూడో తరగతితో బడి మానేశాను, నిజమే. కానీ నలభై ఏళ్లలో ఒక్క చొక్కాకూ కాజాల లెక్క తప్పలేదు. మీ మేడమ్‌గారి చొక్కా ఎప్పుడైనా పంపించండి, కుట్టి చూపిస్తాను. నిద్రట.

కోపంతోనే కూర్చుని రెండు రోజులు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం లెక్కపెట్టాను. టీచరమ్మను పక్కన కూర్చోబెట్టుకుని గడియారం ఆవిడ చేతికిచ్చాను, నేను చెప్పడం, ఆవిడ రాయడం. మధ్యలో గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. పొద్దున గోడ వెచ్చగా ఉంటుంది, అప్పుడు నలభై. మధ్యాహ్నం బట్టీ కాస్త చల్లబడుతుంది, అప్పుడు ఇరవై ఆరు. సాయంత్రం రొట్టెలు పెట్టే వేళకు గోడ కాలుతూ ఉంటుంది, అప్పుడు యాభై. గోడ కాలితే తొందర, ఆరితే నెమ్మది. అంతే తేడా. పురుగు మారలేదు, దాని ఓపిక మారింది.

ఇంకో మాట విను. తొందరలోనూ నెమ్మదిలోనూ మూడు పొట్టివే, ఒక పొడుగుదే. ఒక్కసారి కూడా నాలుగు పొట్టివి రాలేదు, రెండూ రాలేదు. మిషన్ మెల్లగా తొక్కినా గబగబా తొక్కినా బెత్తెడు గుడ్డకు పడే కుట్లు అవే కదా. వేగం కాలిది, కుట్టు మిషన్‌ది. టీచరమ్మ ఇది పుస్తకంలో రాసుకుని సంతకం కూడా పెట్టింది.

నీకు చెప్పడానికి నోరు రావడం లేదు గానీ, సూది లేనిదాన్ని నువ్వు పట్టమన్నావని పట్టాను, అది పోయింది. పొద్దున చూస్తే డబ్బాలో కాళ్లూ మీసాలతో సహా ఎండి చిల్లిపడి ఉంది. దాని పక్కన ఇంకేదో తెల్లటిది, పాలల్లో ముంచినట్టు, ఎలా దూరిందో తెలియదు. చచ్చినదాన్ని పూలకుండీలో పాతిపెట్టాను. తెల్లదాన్ని చూస్తే భయమేసి మూత వేసేశాను.

సంతకాలు ఇరవై రెండు. మిగిలింది బట్టీ ఆయన ఒక్కడే. "ఒకటో తారీఖున ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు పెద్దమ్మగారూ. గోడలో ఒక్క కీచురాయి కనబడినా నా బట్టీకి తాళం వేస్తాడు" అన్నాడు. ఆయన మాటా కాదనలేను.

మధ్యాహ్నాలు గోడ చల్లబడ్డప్పుడు రెండు మూడు బయటికొచ్చి నా ఇస్త్రీపెట్టె పక్కన చేరుతున్నాయి. చూసుకోకుండా ఇస్త్రీ చేస్తే ఏమవుతుందోనని ఇప్పుడు నాకు అదొక బెంగ.

పెద్దమ్మ (మెలకువతోనే)

జూన్ 24

నా బంగారు పెద్దమ్మా,

నీ ఉత్తరం మేడమ్‌కు చదివి వినిపించాను, నిద్ర సంగతి దగ్గర్నుంచి. ఆవిడ చేతిలో టీ చల్లారిపోయింది. "వేడికి వేగం మారినా వరస మారలేదా? ఆ వరసే జాతి గుర్తు. మీ పెద్దమ్మ ఏ కాలేజీలో చదివారు?" అని అడిగారు. నేను చెప్పలేదు, కాసేపు ఆలోచించుకోనీ అని ఊరుకున్నాను.

కుండీలో పాతినదాని గురించి ఏడవకు. అది పురుగు కాదు, దాని పాత చొక్కా. కీచురాయి పుట్టినప్పటినుంచి ఎనిమిది తొమ్మిదిసార్లు ఒంటి తొడుగు విప్పేస్తుంది, బిగుతైపోతుంది కాబట్టి. కొత్తగా బయటికొచ్చినప్పుడు తెల్లగా మెత్తగా ఉంటుంది, పూటలో రంగెక్కుతుంది. నువ్వు మూత వేసిన తెల్లదే నీ పురుగు. మూతకు చిల్లులు పెట్టు, ఇప్పుడే.

నాకు ముప్పయ్యో తారీఖు దాకా సెలవు లేదు. మందు ఇరవై ఎనిమిదిన. నేనొచ్చేసరికి గోడలో ఏమీ మిగలదు. ఎలాగైనా బట్టీ ఆయన్ని ఒప్పించు. ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

గుండుసూది

జూన్ 28, పొద్దున

తల్లీ,

ఈ ఉత్తరం తెచ్చిన మనిషే బట్టీ ఆయన. ముందు ఆయనకు కుర్చీ వెయ్యి, ఆ తర్వాత చదువు. పొడుగాటి రొట్టెల డబ్బా ఆయన ఒళ్లో ఉంటుంది, కుదపకుండా తీసుకో.

మొన్న నేను బట్టీలోకి వెళ్లి పిండిబస్తా మీద కూర్చున్నాను. ఒప్పించాలని ఏమేమో అనుకుని వెళ్లాను, ఒక్కటీ గుర్తు రాలేదు. నాకొచ్చింది ఒక్కటే, బెంగ పడటం. అదే పడ్డాను.

"నాయనా, మందు ఇటు కొడితే ఆ పొగ పగుళ్లలోంచి నీ వైపు రాదా?" అన్నాను.

"పిండికి మూతలున్నాయి పెద్దమ్మగారూ."

"మూతకు సందు ఉంటుందిగా."

"గుడ్డ కప్పుతాను."

"ఆ గుడ్డ తర్వాత దేనికి వాడతావు?"

"పారేస్తాను."

"నువ్వు పారేస్తావు సరే, నీ పనివాడికి తెలుసా? పోనీ అదీ జాగ్రత్త పడ్డావనుకో. వారం తర్వాత ఎవరి పిల్లకో కడుపునొప్పి వచ్చిందనుకో. అది మందు వల్ల కాదని వాళ్ల అమ్మకు ఎలా చెప్తావు? నీకు నువ్వు ఎలా చెప్పుకుంటావు?"

ఆయన ఇంకో బస్తా మీద కూలబడ్డాడు. "మీరు రాకముందు నేను హాయిగా ఉన్నాను" అన్నాడు. "నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్కరోజూ హాయిగా లేను, అలవాటవుతుందిలే" అన్నాను.

అప్పుడు నా ఉపాయం చెప్పాను. ఒక్కరోజు బట్టీ ఆర్పెయ్యి. గోడ చల్లబడుతుంది. అవన్నీ వెచ్చదనం వెతుక్కుంటూ నా ఇస్త్రీపెట్టె దగ్గరికొస్తాయి. నేను పడతాను, నువ్వు పగుళ్లు పూడ్చేసుకో. మందూ వద్దు, పురుగూ ఉండదు. "పన్నెండేళ్లయింది ఈ బట్టీ ఆరి" అని చాలాసేపు దానికేసి చూశాడు. తర్వాత పిండి చేతులతోనే సంతకం పెట్టాడు. కాగితం మీద ఐదు వేళ్లూ పడ్డాయి. సెక్రటరీ అది దులిపి, మందువాళ్లను రావద్దన్నాడు.

నిన్న పొద్దున బట్టీ ఆర్పాడు. మధ్యాహ్నం దాటేసరికి గోడ చల్లగా అయింది. బట్టల బుట్ట అడ్డంగా పడుకోబెట్టి, లోపల ఇస్త్రీపెట్టెను కంబళిముక్కల్లో చుట్టి పెట్టాను. మరీ వేడైతే కాళ్లు కాలతాయని నా బుగ్గకు ఆనించి చూసి మరీ పెట్టాను. మొదట ఒకటొచ్చింది. మీసాలు ఆడించి చూసి, లోపలికి వెళ్లి కూర్చుంది. ఆ తర్వాత పగుళ్లలోంచి బారులు తీరి వచ్చాయే, పెళ్లి భోజనాలకు వచ్చినట్టు. టీచరమ్మ గడప దగ్గర చీరచెంగు అడ్డం పెట్టి కూర్చుంది. సెక్రటరీ మోకాళ్ల మీద పాకుతూ బల్ల కిందికి దూరాడు, ఒకటి ఆయన కాలర్లో పడితే, "చెవి, చెవి" అని కేకలు పెట్టాడు. మేం నవ్వలేక చచ్చాం. అందరూ నా వంటింట్లోనే ఉన్నారు, నిలబడటానికి చోటు లేదు. లెక్క ముప్పై ఒకటి. నా డబ్బాల్లోవి రెండూ కలిపితే ముప్పై మూడు. తెల్లది ఇప్పుడు గోధుమరంగుకు తిరిగింది, దానికి రెక్కలొచ్చాయి.

బట్టీ ఆయనకు పన్నెండేళ్లలో ఇదే మొదటి ఖాళీరోజు. ఏం చేయాలో తెలియక వంటింట్లో అటూ ఇటూ తిరిగాడు. "పగుళ్లు పూడ్చేశాను, సున్నం ఆరేదాకా పనేం లేదు. రైలెక్కి నేనే ఇచ్చొస్తాను" అన్నాడు.

ఒకటే భయం. పట్టినప్పటినుంచి వీటిలో ఒక్కటీ నోరెత్తడం లేదు. నోరు కాదులే, రెక్క. అన్నీ ఆడవేనేమో. నీ పని చెడగొట్టానేమో. ఏ సంగతీ వెంటనే రాయి.

పెద్దమ్మ

జూలై 13

పెద్దమ్మా,

ఇన్నాళ్లు రాయనందుకు తిట్టు. తేలకుండా రాయకూడదనుకున్నాను.

బట్టీ ఆయన డబ్బాను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చారు. దారిలో కిటికీ గాలి తగలకుండా తువ్వాలు కప్పారట. సొరుగులన్నీ చూపిస్తే నోరు తెరుచుకుని చూసి, "ఇవన్నీ ఎవరెవరి గోడల్లోవి" అని అడిగారు.

గాజుపెట్టెలో పెట్టి, వెచ్చగా బల్బు వేశాం. మొదటి రోజు నిశ్శబ్దం. రెండో రోజూ నిశ్శబ్దమే. బెదిరిన మగవి పాడవని నాకు తెలుసు, అయినా నాకు అన్నం సయించలేదు, నేను నీ పెంపకమే కదా. మూడో రోజు సాయంత్రం మేడమ్ సంచి భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లారు, అప్పుడు మొదలైంది. మూడు పొట్టివి, ఒక పొడుగుది. ఆవిడ సంచి అక్కడే నేలమీద పెట్టేసి వెనక్కి వచ్చారు. మర్నాడు ఎక్కడో బతిమాలి టేపు రికార్డరు తెచ్చారు. బల్బు దగ్గరికీ దూరానికీ జరిపి వారం రోజులు పాట ఎక్కించాం. వేగం మారింది, వరస మారలేదు.

ఆ పాడినవాటిలో ఒక ముసలిది, మేం దాని పాట ఎక్కించిన వారానికి తన వయసు తీరి పోయింది. ఎవరూ ఏం చేయలేదు, ఒట్టు. దాని రెక్క కింద పళ్లు అరవై మూడు, అన్నీ ఎడంగా. అడవివాటికి నూటపద్దెనిమిది. పాడిన పురుగు, దాని పాట, దాని రెక్క, మూడూ ఒక్కచోటికి చేరాయి. "రెండు జాతులే" అని మేడమ్ తన చేత్తో రిజిస్టర్లో రాశారు. నన్ను ఏ గదికీ పంపడం లేదు. ఇంకో మూడేళ్లు ఇచ్చారు.

వ్యాసం రాసేశాం, పత్రికకు పంపాలి. దాని మీద రెండు పేర్లున్నాయి, నాదీ నీదీ. నీది పెట్టమన్నది మేడమే. "వరస మారదని కనిపెట్టింది ఎవరు? ఆవిడ పేరు లేకుండా పంపితే నేను ఊరుకోను" అన్నారు. ఇందులో ఒక ఫారం పెట్టాను. "ఈ వ్యాసంలోని ప్రతి మాటా చదివి, అర్థం చేసుకుని, ఒప్పుకుంటున్నాను" అని దాని అర్థం. వ్యాసం ఇరవై రెండు పేజీలు, అదీ నీకు రాని భాషలో, కాబట్టి దాని గురించి నువ్వేం పట్టించుకోకు. పెన్సిలు గుర్తు పెట్టిన చోట సంతకం చేసి పంపెయ్యి. ఆగస్టు పదికల్లా అందితే చాలు.

ఆనందంతో, గుండుసూది

జూలై 18

నా తల్లీ,

నీ ఉత్తరం టీచరమ్మ రెండుసార్లు, బట్టీ ఆయన ఒకసారి, నేను ఎన్నిసార్లో చదివాం. ఇన్‌స్పెక్టరు వచ్చి గోడ తట్టి చూసి, బాగుందని రాసి వెళ్లాడు. బట్టీ ఆయన ఇప్పుడు నెలకోసారి సెలవు తీసుకుంటానంటున్నాడు.

కొత్తదానికి ఏం పేరు పెట్టారో రాయలేదు. నా పేరు మాత్రం పెట్టకు. కీచురాయి కనబడితే చెప్పు తీసేవాళ్లే ఎక్కువ లోకంలో.

ఫారం సంగతి. సంతకం పెట్టలేదు. "చదివి, అర్థం చేసుకుని" అని నువ్వే రాశావు. నేను చదవలేదు, అర్థం చేసుకోలేదు. రేపు ఎవరైనా వచ్చి పదకొండో పేజీలో మూడో వాక్యం ఏమిటమ్మా అంటే నేనేం చెప్పను? నీ పక్కన పేరు పెట్టుకుని తెల్లమొహం వేస్తే అది నీకు నామర్దా. కాబట్టి నువ్వే వచ్చి మొదటి పేజీ నుంచి చదివి, ఒక్కొక్క మాటా మన భాషలో చెప్పు. నచ్చినచోట ఊఁ అంటాను, నచ్చనిచోట అడుగుతాను. నా సందేహాల సంగతి నీకు తెలుసు, రోజుకు నాలుగు పేజీలు సాగితే గొప్ప. ఇరవై రెండు పేజీలకు ఐదున్నర రోజులు. ప్రయాణం అలసట ఒక రోజు. వారం సెలవు పెట్టు.

మేడమ్ ఇవ్వనంటారేమోనని బెంగపడి ఆవిడకు విడిగా ఉత్తరం రాశాను. "మీ పిల్లను వారం పంపండి, లేకపోతే రెండో సంతకం రాదు" అని. మరీ మర్యాద తప్పిందేమో తెలియదు. టీచరమ్మ మాత్రం చాలా బాగుందంది.

మంచం కిటికీ దగ్గరికి జరిపించాను. పెన్నులో సిరా పోసి బల్ల మీద పెట్టాను.

రెండో సంతకం పెట్టవలసిన పెద్దమ్మ